చక్రం కింద రాయి

మా ఆయన తన తండ్రి కోసం తయారు చేసిన మూడు చక్రాల బండికి ముందు ఒక లైటు, రెండు పక్కలా అద్దాలు, పిసికితే బాతులా అరిచే రబ్బరు హారను, హ్యాండిలుకు ప్లాస్టిక్ కుచ్చులు, వెనక రేకు మీద ఒక నెలవంక, నెలవంక కింద తన సైకిల్ షాపు పేరు, ఆ పేరు కింద షాపు ఉన్న వీధి పేరు ఉండేవి. బ్రేకు మాత్రం ఒక్కటే. అదీ చేత్తో నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసేది. చెయ్యి తీస్తే బండి దాని ఇష్టం.

ఈ సంగతి నేను మొదటి రోజే చెప్పాను. మొదటి రోజంటే 1981లో, రంజాన్ పండుగ అయిన తర్వాత వచ్చిన శుక్రవారం. మా ఆయన ఈనాటికీ అది ఎనభై రెండు అంటాడు. ఎనభై రెండులో రంజాన్ ఇంకా రాకముందే మా చిన్నది పుట్టింది. నొప్పులతో నన్ను ఆసుపత్రికి తీసుకుపోయే రిక్షా గుమ్మం దాకా రాలేకపోయింది, ఈ బండి అడ్డంగా ఉండబట్టి. కాబట్టి అప్పటికే అది మా ఇంట్లో ఉంది. ఎప్పుడు తయారయిందో కూడా గుర్తులేని మనిషి దాన్ని ఎంత శ్రద్ధగా తయారు చేసి ఉంటాడో మీరే ఆలోచించుకోండి.

మా మామ నాకు మేనమామ కూడా. ఆదోనిలో పశువుల దళారి. దళారి అంటే ఇప్పటివాళ్లకు తిట్టు. ఆ రోజుల్లో ఎద్దులు అమ్మే రైతుకూ కొనే రైతుకూ మధ్య నమ్మకంగా నిలబడే మనిషి. వారానికొక రోజు ఆదోని సంత. ఏడాదికొకసారి, జనవరిలో, ఎమ్మిగనూరు జాతరప్పుడు ఎద్దుల పరస. పరస అంటే పెద్ద సంత, అటు బళ్లారి, రాయచూరు వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు.

బేరం నోటితో జరగదు. దళారి, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. ఒక వేలు పట్టుకుంటే వెయ్యి, రెండు పట్టుకుంటే రెండు వేలు, ఆ తర్వాత పట్టుకునే వేళ్లు నూర్లు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ధర తెలియదు. చివరికి వేళ్లన్నీ కలిపి పట్టి గట్టిగా నొక్కితే బేరం తెగినట్టు. నొక్కిన తర్వాత కాదనడానికి లేదు. రాత లేదు, సాక్షి లేడు, ఆ నొక్కడమే అన్నీ. దాన్ని పట్టు అనేవాళ్లు. పట్టు చెడిన దళారికి మర్నాటి నుంచి ఎవరూ చెయ్యివ్వరు. మా మామ తన జీవితంలో ఒక్క పట్టు కూడా వెనక్కి తీసుకోలేదు. ఆయనకు అంతకు మించిన ఆస్తి లేదు, ఉందని ఆయన చెప్పుకోనూ లేదు.

పట్టుకు ఇంకొక కట్టుబాటు ఉండేది. ఇద్దరి కాళ్లూ నేల మీద ఉండాలి. గుర్రం మీద నుంచి, బండి మీద నుంచి చెయ్యి వంచి బేరం చేస్తే చెల్లదు. పైనున్నవాడి చెయ్యి కిందివాడి చేతిని లాగుతుందని, ఎవరు నొక్కారో తెలియదని పెద్దవాళ్లు పెట్టిన కట్టు. డెబ్భైల్లో ఒకసారి ఒక మోతుబరి జీపులో కూర్చునే చెయ్యి బయటికి చాపాడట. మా మామ ఆ చేతిని చూసి, "దిగప్పా. ఎద్దులు నేల మీద ఉండాయి, నువ్వూ ఉండు," అన్నాడట. మోతుబరి దిగాడు. ఈ కథ మా ఇంట్లో నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ వింటూ ఉన్నాను. గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

1979లో, సరిగా లొంగని కోడె ఒకటి మామను తన్నింది. ఎడమ మోకాలి చిప్ప పగిలింది. కుడి మోకాలు అప్పటికే వాపులతో ఉండేది. ఏడాది మంచం మీద, ఏడాది గోడ పట్టుకుని. నిలబడగలడు, కానీ ఒక బేరం తెగేంతసేపు నిలబడలేడు. "నేల మీద కూచోని చేస్తా," అని ఆయనే ఒకసారి అన్నాడు. ఇద్దరు కొడుకులూ ఎగిరిపడ్డారు.

"నేల మీద కూచుంటే అడుక్కుండేవాడు అంటారు నాయనా. మాకు తలకాయలుండాయా లేవా?" అన్నాడు మా ఆయన.

తలకాయలు ఉన్నాయి. లోపల ఏముందన్నది వేరే మాట. ఆ సాయంత్రమే ఆయన షాపులో ఇనప పైపులు కొయ్యడం మొదలుపెట్టాడు.

తయారు చేసినంతకాలం ఇంట్లో ఆ మాట తప్ప వేరే మాట లేదు. తయారయ్యాక వీధంతా పిలిచి చూపించాడు. "ఇట్లాంటి బండి కర్నూల్లో కూడా ల్యా," అన్నాడు. కర్నూల్లో ఉన్నవాళ్లకు బుద్ధి ఉండి ఉంటుందని నేను లోపల అనుకున్నాను. కుడిచేతి దగ్గర సైకిలు పెడల్‌లాంటి పిడి, దాన్ని చేత్తో తిప్పితే గొలుసు ముందు చక్రాన్ని తిప్పుతుంది. ఎడమచేత్తో హ్యాండిలు. పాత సైకిలు నుంచి తీసిన బ్రేకు పిడిని కూడా కుడివైపే బిగించాడు, సామాను అట్లా ఉందని. అంటే తిప్పేది కుడిచెయ్యి, ఆపేది కుడిచెయ్యి. బేరం చేసేదీ కుడిచెయ్యే.

"బావా, బేరం చేసేటప్పుడు బండి ఎవరు పట్టుకుంటారు? నిలిచి ఉండే బ్రేకు ఏదైనా పెట్టు," అన్నాను.

"వెనక చక్రం కింద రాయి పెడితే సాలదా?"

"రాయి ఎవరు పెడతారు?"

"దేశంలో రాళ్లకు కరువొచ్చిందా?" అని అందరూ వినేట్టు నవ్వాడు. అక్కడున్న మగవాళ్లు కూడా నవ్వారు. నేను రాళ్ల గురించి అడగలేదు, పెట్టే మనిషి గురించి అడిగాను. అద్దాలకు డబ్బు ఉంది, రెండు అద్దాలకు. వెనక ఎవరు వస్తున్నారో చూసుకోవాల్సినంత వేగంగా ఆ బండి ఏనాడూ పోలేదు.

మామకు హారను నచ్చింది, అది నిజం. పెద్దమనుషులు చిన్న చిన్న వాటికి పడిపోతారు. మొదటి సంతకు పోయిన రోజు గేటు దగ్గర పిసికాడు. గేటు పక్కన కట్టేసిన ఎద్దులు రెండు పలుపులు తెంపుకున్నాయి. వాటిని పట్టుకుని తెచ్చేసరికి సగం సంత అయిపోయింది. ఆ తర్వాత ఆయన హారను ముట్టుకోలేదు.

సంత గేటు దగ్గర చిన్న ఎత్తు ఉండేది. చేత్తో తిప్పి ఆ ఎత్తు ఎక్కడం ఆయన వల్ల కాలేదు. ఎవరైనా తోయాలి. మా ఆయన తోయడు. తోస్తే బండి తనంతట తాను పోదని జనానికి తెలిసిపోతుందట, షాపు పేరు చెడుతుందట. మా మరిది తోయడు, ఆయనకు ముప్పై ఏళ్లు వచ్చినా ఏ బరువూ ఇష్టం లేదు. అన్నం క్యారియరు పట్టుకుని వెనక పోయేది నేను కాబట్టి తోసింది కూడా నేనే. ముసుగు సర్దుకుని, తల వంచి, రేకు మీద ఉన్న మా షాపు చిరునామాను చూసుకుంటూ తోసేదాన్ని. ఎన్నిసార్లు చదివానో, ఇప్పటికీ దాన్ని ఏ రంగులో రాశాడో చెప్పగలను. లోపలికి తోసి రాయి పెట్టి నేను దూరంగా వచ్చేసేదాన్ని. బేరాల మధ్య ఆడవాళ్లు నిలబడరు. ఒక బేరం అయి ఇంకో బేరానికి బండి కదిలితే రాయి తీసి మళ్లీ పెట్టేది మరిది పని. ఆ ఒక్క పని కోసం ఆయన సంతకు వచ్చేవాడు, వచ్చి టీ తాగేవాడు.

సంతలో నవ్వులకు కొదవ లేదు.

"సాయిబన్నా, పెండ్లికొడుకు మాదిరి ఉండావు. పెండ్లికూతురు యాడ కూచుంటాది? ఒకటే సీటుండాది!"

"వెనక నడ్సి వస్తాదిలేప్పా, నీ పెండ్లాం నీ వెనక నడ్సినట్ల," అనేవాడు మామ.

నోటికి నోరు ఇచ్చేవాడు. కానీ చెయ్యి ఇచ్చేవాళ్లు వంగాల్సి వచ్చేది. కూర్చున్న మనిషి చేతికి అందేట్టు నడుము వంచి, తువ్వాలు కప్పుకుని, తల పక్కకు తిప్పుకుని బేరం చేసేవాళ్లు. దళారులందరికీ కాళ్లు నేల మీద ఉండాలన్న కట్టు తెలుసు. మామ కాళ్లు బండిలో ఉన్నాయి. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. మర్యాదేమో అని నేను అనుకున్నాను. మామ కూడా అట్లాగే అనుకున్నాడు, లేకపోతే ఆ మాట ఆలోచించడమే మానేశాడు. బేరాలు మాత్రం తగ్గాయి. ముందు దినానికి ఏడెనిమిది జతలు చేసే మనిషి రెండు మూడు చేసి ఇంటికి వచ్చేవాడు.

1983 జనవరిలో ఎమ్మిగనూరు పరస. బండిని బస్సు మీదికి ఎక్కించి కట్టారు. మామకు ఒక టిక్కెట్టు, బండికి ఒక టిక్కెట్టు. దించేటప్పుడు ఒక అద్దం పగిలింది, ఆ బండికి జరిగిన నష్టాల్లో నాకు బాధ కలగనిది అదొక్కటే. ఎమ్మిగనూరులో మామ చెల్లెలి ఇంట్లో దిగాం. మా ఆయన షాపు వదిలి రాలేనని, ఎల్లుండి సాయంత్రానికి వస్తానని అన్నాడు.

పరస జరిగే మైదానం ఒక పక్కకు వాలుగా ఉంటుంది, కింద వంక, అంటే వాగు. పొద్దున్నే మామను లోపలికి తోసి రాయి పెట్టాను. మరిదితో, "బండి కదిలినప్పుడల్లా రాయి మర్చిపోవద్దు, ఇది ఆదోని కాదు, వాలు ఉంది," అన్నాను.

"రాయి పెట్టేదానికి ఎమ్మే చదవాల్నా వదినా?" అన్నాడు.

ఎమ్మే ఎందుకు, ఉన్నచోట నిలబడితే చాలు. అదే ఆయనకు రాలేదు.

నేను బండ్ల నీడలో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి పోయాను. దేవరగట్టు పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామె అక్కడ రాగిముద్ద విప్పుకుంటూ ఉంది. ఆమె మొగుడు తమ ఎద్దుల జతను మామ చేతిలో పెట్టాడు. తెల్లటి జత, కొమ్ములకు రంగు కూడా పూయలేదు. రంగు పూసి వయసు దాచే రకం మనుషులు కాదని అదే చెప్పింది.

"దూడలప్పటి నుంచి నేనే మేపినా అక్కా," అంది. "బాయిలో నీళ్లు అడుక్కు పోయినాయి. ఇంగ రెండు మట్ల లోతు దించితే నీళ్లు పడతాయని అంటాండారు. మూడు వేలొస్తే దించుతాం. రాకుంటే ఎద్దుల్ని తోలుకొని పోతాం. పోయి ఏం మేపల్ల, మట్టి మేపల్ల?"

"మా మామ చేతిలో పెట్టినారు గదా, ఏం భయపడొద్దు," అన్నాను. అన్నాను కాబట్టి ఆ తర్వాత జరిగినదాన్ని కళ్లారా చూడడం నా బాధ్యత అయింది.

కొనడానికి వచ్చినవాడు బళ్లారి వైపు వ్యాపారి. ఉతికి గంజి పెట్టిన తెల్ల పంచె, వేలికి ఉంగరం, చంకలో తోలు సంచి. ఎద్దుల చుట్టూ తిరిగి, పళ్లు చూసి, వీపు తట్టి మామ దగ్గరికి వచ్చాడు. మామ బండిని కాస్త తిప్పి అతనికి ఎదురుగా పెట్టాడు. అంటే రాయి మీది నుంచి బండి కదిలింది. నేను మరిది కోసం చూశాను. టీ బండి దగ్గర గ్లాసు పట్టుకుని ఎవరికో మా బండి గొప్ప చెబుతూ ఉన్నాడు.

నేను లేచేలోపే మామ బ్రేకు వదిలి కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టేశాడు.

కొంచెంసేపు ఏమీ కాలేదు. వ్యాపారి వేలు పట్టుకున్నాడు, మామ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ ఊపాడు. అంతలో బండి మెల్లగా వెనక్కి కదిలింది. మామ ఎడమచేత్తో హ్యాండిలు పట్టి ఆపబోయాడు. అది ఇంకా వేగం అందుకుంది. పడిపోయే మనిషి దొరికినదాన్ని పట్టుకుంటాడు. ఆయనకు దొరికింది వ్యాపారి చెయ్యి. బిగించి పట్టుకున్నాడు. గంజి పంచె, తోలు సంచి, ఉంగరం అన్నీ కలిపి ఆ వ్యాపారి బండి వెంట నాలుగు బారలు పరుగెత్తాడు. చొప్పకట్టల కుప్పకు తగిలి బండి ఆగింది. ఆ తగలడంలో హారను నలిగి బాతులా ఒకసారి అరిచింది. మైదానంలో ఆ పక్కనున్న జనమంతా నవ్వారు.

వ్యాపారి నవ్వలేదు. ఊపిరి తీసుకుని, తువ్వాలు లాగి పడేసి, ఇద్దరి చేతులూ అందరికీ చూపించాడు. మామ అయిదు వేళ్లూ అతని చేతిని ఇంకా బిగించే ఉన్నాయి.

"ఆయ్తు! అయిపోయింది," అన్నాడు. "పట్టినాడు, నొక్కినాడు. నా కడాపటి మాట రెండు వేల నాలుగు నూర్లు. జత నాది."

రైతు వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. "మామా, నొక్కినావా?" అన్నాడు. కోపంగా కాదు. మామ అవునంటే అవునని ఒప్పుకునే గొంతుతో అడిగాడు. అందుకే అది వినడం కష్టమయింది.

"బండి జారింది గదప్పా, అందరూ సూసినారు గదా," అన్నాడు పక్కనున్న ఎవరో.

వ్యాపారి అటు తిరిగాడు. "జారిందా? ఈ దినం జారింది. రేపు ధర నచ్చకుంటే మళ్లీ జారుతాది. జారే చేత్తో దళారి పని ఏందప్పా? పట్టు అంటే పట్టు. కాదంటే సెప్పమనండి, సాయిబు పట్టుకు బెల ల్యాదని, విలువ ల్యాదని నేను ఊరూరా సెప్పుకుంటా."

మాట మామకు నేరుగా తగిలింది. అవునంటే రైతు బావి పోతుంది. కాదంటే తన పట్టు పోతుంది. చుట్టూ నిలబడ్డ దళారులు ఎవరి కాలి వేళ్లను వాళ్లు చూసుకుంటూ ఉన్నారు. అన్నేళ్లు ఆయనతో కలిసి తిన్నవాళ్లు. నేను బండి వెనక రాయి పట్టుకుని నిలబడ్డాను, ఇప్పుడు పెట్టి ఏం లాభం అని తెలిసి కూడా.

మామ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "నా కాళ్లు యాడుండాయప్పా?" అని వ్యాపారిని అడిగాడు.

"యాడుండేదేంది? బండిలో ఉండాయి."

మామ దళారుల్లో అందరికన్నా పెద్దాయన వైపు తిరిగాడు. "అన్నా, కాళ్లు నేల మీద లేకుండా పట్టిన పట్టు సెల్లుతాదా? జీపు దింపిన దినం నువ్వూ నా పక్కన ఉన్న్యావు. సెప్పు."

ఆ పెద్దాయన, "సెల్లదు," అన్నాడు. "కానీ నీ విషయంలో ఆ మాట ఎవురూ ఎత్తల్యా గదప్పా."

"ఎందుకు ఎత్తల్యా?"

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఎందుకు ఎత్తల్యా అన్నా? నోరు తెర్సి సెప్పు."

"పాపం అని," అన్నాడు పెద్దాయన.

ఆ మాట విన్నాక మామ ముఖం వైపు నేను చూడలేదు. ఏడాదిన్నరగా ఆయన పట్టిన ప్రతి పట్టునూ వీళ్లు పాపం అని చెల్లనిచ్చారు. ఎదురుగా వంగి చెయ్యిచ్చి, వెనక్కి తిరిగి పాపం అనుకున్నారు. నా జీవితంలో నేను చాలామంది మనుషుల్ని తక్కువగా చూశాను, కారణాలతోనే చూశాను. కానీ ఆ పూట ఆ మర్యాదస్తులందరినీ చూసినంత తక్కువగా ఎవరినీ చూడలేదు. నవ్వినవాళ్లే నయం.

మామ గొంతు పెంచి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "ఈ బండిలో కూచోని నేను పట్టిన పట్టు పట్టు కాదు. ఈ దినంది కాదు, ఎప్పుడూ కాదు. ఎద్దులు రైతువి. తోలుకొని పోప్పా." తర్వాత నా వైపు చూసి, "ఇంటికి తొయ్యమ్మా," అన్నాడు.

రైతు బావి అప్పటికి దక్కలేదు, పోనూ లేదు. ఎద్దులు అమ్ముడుపోకుండా అక్కడే నిలబడ్డాయి. మామ మాత్రం దళారి కాకుండా ఇంటికి వచ్చాడు. వెళ్తుంటే వెనక వ్యాపారి అందరితో ఏదో అని నవ్వడం వినిపించింది.

మర్నాడు వస్తానన్న మా ఆయన ఆ సాయంత్రమే దిగాడు. ఎవరో ఆదోనికి బస్సులో వార్త మోసుకుపోయారట. అన్నం దగ్గర కూర్చుని కూడా చెయ్యి కడుక్కోలేదు.

"ఎంత పని జేసినావు నాయనా! పరసలో అందరి ముందర ఈ బండిలో పట్టింది పట్టు కాదంటివి. వెనక మన షాపు పేరుండాది! ఇంగ నా దగ్గర ఎవురు సేయించుకుంటారు?"

మామ రొట్టె తుంచుకుంటూ ఉన్నాడు.

నేను అన్నాను. "రెండు అద్దాలు పెట్టినావు బావా. ఆయన వెనక్కి జారేటప్పుడు బాగా కనపడి ఉంటాది."

మా మరిది నవ్వబోయి, నేను తన వైపు చూసేసరికి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. ఆయనకు చెప్పాల్సినది కూడా చెప్పాను. అది రాయదగిన భాష కాదు.

మామ చెయ్యి కడుక్కుని, "కట్టు పెట్టినోళ్లు నిలబడల్ల అన్యారా, కాళ్లు నేల మీద ఉండల్ల అన్యారా?" అని అడిగాడు. ఎవర్ని అడిగాడో తెలియలేదు.

"కాళ్లు నేల మీద ఉండాలనే విన్నాను," అన్నాను నేను. ఆ కథ అన్నిసార్లు విన్నదాన్ని, అందులో నిలబడాలన్న మాట ఎక్కడా లేదు.

తెల్లవారి ఆయన బండి ఎక్కాడు. నేను ఆశ్చర్యపోయాను, ఆ బండిని ఇక చూడడనుకున్నాను. ఒక గోనెసంచి తెమ్మన్నాడు. మైదానంలోకి తోసుకుపోయాను. నిన్నటి చోటికే తోయమన్నాడు. "ఈడ రాయి పెట్టమ్మా. రెండు పెట్టు." రెండు చక్రాల కిందా పెట్టాను. "ఇంగ నన్ను దించు."

నేను, మా ఆయన చెరొక చెయ్యి పట్టి దించాం. మా ఆయన చుట్టూ చూస్తూ, "నాయనా, అందరూ సూస్తాండారు, అడుక్కుండేవాడు అంటారు," అని గొణిగాడు. మామ గోనెసంచి పరుచుకుని, కాళ్లు ముందుకు చాపి, పాదాలు నేలకు ఆనించి, వీపును బండి చక్రానికి ఆనించుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా ఆ బండి ఎవరికీ ఇంత పనికిరాలేదు.

చాలాసేపు ఎవరూ రాలేదు. దళారులు దూరం నుంచి చూసి వేరే పక్కకు తిరిగారు. ఎండ ఎక్కింది. మొదట వచ్చింది దేవరగట్టు పక్క రైతు, తెల్ల జతను పట్టుకుని. మామ పక్కన గొంతుకూర్చుని పలుపు ఆయన చేతిలో పెట్టాడు. అతని భార్య నా పక్కకు వచ్చి నిలబడింది.

వ్యాపారికి ఆ ఎద్దుల మీద మనసు పడిందని నిన్ననే తెలుసు. లేకపోతే అంత గొడవ చెయ్యడు. వచ్చి మామ మీదికి నీడ పడేట్టు నిలబడ్డాడు. ఈసారి పంచె కొత్తది.

"ఏం సాయిబూ, లేసి రా. బేరం సేస్తాం."

"నా కాళ్లు నేల మీదనే ఉండాయి, సూసుకో," అన్నాడు మామ. "చెయ్యి కావల్నంటే నువ్వు రా."

వ్యాపారి చుట్టూ చూశాడు. నిన్న వంగిన నడుము ఇవాళ సరిపోదు. వంగితే చెయ్యి అందదు. కూర్చోవాలి, పేడలో, ఆ పంచెతో. నిన్నటి పెద్దాయన దగ్గరికి వచ్చి నిలబడి, "కట్టుకు తప్పు ల్యా," అన్నాడు. ఇప్పుడు మాట్లాడడానికి ఆయనకు నోరు వచ్చింది.

వ్యాపారి పంచె ఎగగట్టి గొంతుకూర్చున్నాడు. కుర్చీల మీద కూర్చుని బతికిన మనిషి, ఆ కూర్చోవడం చూస్తేనే తెలిసింది. తువ్వాలు కప్పారు. మామకు తొందర లేదు. ఆయన మోకాళ్ల మీద బరువు లేదు, వీపుకు ఆనుడు ఉంది, పొద్దు గుంకేదాకా అట్లాగే కూర్చోగలడు. వ్యాపారి మాత్రం ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మార్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంకాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. మామ తల అడ్డంగా ఊపాడు. వ్యాపారి మళ్లీ వేళ్లు పట్టుకున్నాడు. మామ ఊపాడు. వ్యాపారి ఒక చేత్తో మోకాలు నొక్కుకున్నాడు. గొంతుకూర్చునే అలవాటు లేనివాడు ఎక్కువసేపు బేరం చెయ్యలేడని నాకు ఆ పూట తెలిసింది. మామకు అది ఎప్పుడు తెలిసిందో ఆయన చెప్పలేదు.

చివరికి తువ్వాలు కింద ఏదో బిగిసింది. మామ తలాడించి, నెమ్మదిగా, తొందరపడకుండా నొక్కాడు. తువ్వాలు తీశాడు. "మూడు వేల రెండు నూర్లు," అని రైతుతో చెప్పాడు. రైతు భార్య ఎద్దుల దగ్గరికి పోయి వాటి మెడల కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. బావి దక్కిందని సంతోషం, జత పోయిందని దుఃఖం, రెండూ అక్కడే కానిచ్చుకుంది.

వ్యాపారి లేవబోయాడు. మోకాళ్లు పట్టేశాయి. ఒక చెయ్యి నేలకు ఆనించాడు, లాభం లేకపోయింది. ఇంకో చేత్తో ఊతం కోసం వెతికి మా బండి చక్రాన్ని పట్టుకున్నాడు.

"సూసుకోని పట్టుకోప్పా," అన్నాడు మామ. "అది జారుతాది."

వ్యాపారి చెయ్యి చక్రం మీది నుంచి చటుక్కున వెనక్కి పోయింది. అతను మళ్లీ పేడలో కూర్చున్నాడు. రాళ్లు రెండూ నేను పెట్టినచోటే ఉన్నాయి.